మూడు తీగల ఒప్పందం

రాత్రి ఒంటిగంట దాటింది. హైదరాబాద్‌లో ఓ ఆఫీసు భవనం నాలుగో అంతస్తు నెట్‌వర్క్‌లోంచి మాయమైంది. సాయంత్రం ఆ అంతస్తు స్విచ్‌లో ఎవరో చిన్న మార్పు చేశారు. ఆ మార్పుతో స్విచ్‌లోకి వెళ్ళే దారే మూసుకుపోయింది. తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు లాగేసుకున్నట్టయింది. నెట్‌వర్క్ పోయినప్పుడు నెట్‌వర్క్ మీదుగా వెళ్ళి దాన్ని బాగుచేయలేం. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ర్యాక్ దగ్గరికే నడవాలి.

మా జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రాడు అప్పటికే స్విచ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ అడాప్టర్, దానికి తొమ్మిది పిన్నుల తలకాయ, అక్కణ్ణుంచి లేతనీలం రంగు చదును కేబుల్, దాని చివర స్విచ్ కన్సోల్ పోర్టు. తెర మీద మాత్రం తలకిందుల ప్రశ్నార్థకాలు, విరిగిన పెట్టెలు, ఏ భాషకూ చెందని గుర్తులు.

"అన్నా, స్విచ్ పోయినట్టుంది. చూడు, అంతా చెత్తే వస్తోంది" అన్నాడు.

"పోలేదు. అది మాట్లాడుతూనే ఉంది. మనకే వినడం కుదరట్లేదు" అన్నాను.

ఆ రాత్రి ఆ స్విచ్ మూడుసార్లు మొండికేసింది. ఒక్కో మొండితనం వెనక ఒక్కో ఆవిష్కరణ ఉంది. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాం కిటికీలో వేగం, డేటా బిట్లు, స్టాప్ బిట్లు, పారిటీ, ఫ్లో కంట్రోల్ అని ఐదు గడులుంటాయి. 9600, 8, 1, నన్, నన్ అని మంత్రంలా నింపేస్తాం. ఆ గడులు ఎవరో ఒకరోజు కూర్చుని గీసినవి కావు. దాదాపు నూటయాభై ఏళ్ళుగా ఒక్కొక్కరూ ఒక్కో చిక్కు విప్పుకుంటూ వస్తే, ఆ విప్పిన ముళ్ళే అక్కడ గడులుగా మిగిలాయి.

లయ తప్పని వేళ్ళు

వేగం గడితో మొదలుపెడదాం. దాన్ని 'బాడ్ రేట్' అంటాం. అందులో ఉన్నది ఓ మనిషి పేరు. ఎమిల్ బోడో 1845లో పుట్టిన ఫ్రెంచి తంతి ఉద్యోగి. ఆ రోజుల్లో మోర్స్ కోడ్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో పొడవు. ఒకటి ఒక్క చుక్కతో సరిపెట్టుకుంటుంది, ఇంకొకటి నాలుగు గుర్తుల దాకా సాగుతుంది. చెవికి అలవాటైన మనిషి దాన్ని పట్టుకోగలడు గానీ యంత్రానికి అది కష్టం. ఎక్కడ ఒక అక్షరం ముగిసి ఇంకొకటి మొదలైందో దానికెలా తెలుస్తుంది?

1874లో పేటెంటు పొందిన తన పద్ధతిలో బోడో ప్రతి అక్షరానికీ సమానంగా ఐదు వంతులు ఇచ్చాడు. ప్రతి వంతులో కరెంటు ఈ తీరునో ఆ తీరునో ఉంటుంది. ఐదు వంతులంటే 32 కలయికలు. ఆపరేటర్ ముందు పియానో మెట్లలాంటి ఐదే మీటలు. ఎడమచేతికి రెండు, కుడిచేతికి మూడు. ఒకే తీగను నలుగురు ఆపరేటర్లు పంచుకునేలా ఓ చక్రం తిరుగుతూ ఒక్కొక్కరికీ వంతు ఇచ్చేది. మీ వంతు రాగానే యంత్రం 'టక్' మంటుంది. ఆ క్షణానికి వేళ్ళు మీటల మీద పడాలి. ముందు పడినా వెనక పడినా అక్షరం చెడినట్టే. తాళం తప్పితే పాట చెడినట్టు.

ఈ పద్ధతిలో రెండు ఊళ్ళ చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. ఆ వేగం తీగ మీద ప్రయాణించదు. రెండు చివరలా ఉన్నవాళ్ళు ముందే అనుకోవాలి. ఈనాటి కన్సోల్ కేబుల్లోనూ అంతే. మామూలు నెట్‌వర్క్ కేబుల్ పెడితే రెండు పరికరాలు ఒకదాన్నొకటి పలకరించుకుని వేగం కుదుర్చుకుంటాయి. సీరియల్ కన్సోల్‌లో ఆ పలకరింపు లేదు. వేగం మనమే తెలిసి చెప్పాలి. తప్పు చెబితే తెర నిండా చెత్త.

పరుగు మొదలు, పరుగు ఆపు

బోడో పద్ధతికి ఓ పెద్ద ఇబ్బంది ఉంది. చక్రాలు ఎడతెగకుండా కలిసి తిరుగుతూనే ఉండాలి. ఒకటి కాస్త మందగించినా, ఆ తేడా గంటల తరబడి పోగై అంతా తారుమారవుతుంది. దీనికి అమెరికాలోని షికాగోలో తండ్రీకొడుకులు విరుగుడు కనిపెట్టారు. ఉప్పు వ్యాపారి జాయ్ మోర్టన్ పెట్టుబడి, చార్ల్స్ క్రమ్ పనితనం కలిసి 'మోర్‌క్రమ్' అనే సంస్థ అయింది. చార్ల్స్ కొడుకు హోవర్డ్ క్రమ్ 1910లో ఓ పద్ధతికి పేటెంటు కోరాడు.

ఆ ఆలోచన ఇది. చక్రాలు ఎప్పుడూ కలిసి తిరగాల్సిన పనే లేదు. అక్షరం వచ్చినప్పుడు మాత్రం తిరిగితే చాలు. ప్రతి అక్షరానికి ముందు ఒక 'స్టార్ట్' సంకేతం వస్తుంది. అది అందగానే ఇవతలి యంత్రం పట్టు వదిలించుకుని ఒక్క చుట్టు తిరిగి ఐదు వంతులూ చదువుకుంటుంది. చివర 'స్టాప్' సంకేతానికి ఆగి, తర్వాతి పిలుపు కోసం కాచుకుంటుంది. గడియారాల్లో తేడా ఉన్నా ఒక్క అక్షరం మేరకే ఉంటుంది. తర్వాతి అక్షరానికి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. తప్పు ఎంత చిన్నదైనా కూడబెడితే కొంప ముంచుతుందనీ, ఎప్పటికప్పుడు దులిపేస్తే ఏమీ కాదనీ ఆయన గ్రహించాడు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే.

ఆ సంస్థే పోటీదారుతో కలిసి, 1928లో టెలిటైప్ కార్పొరేషన్‌గా పేరు మార్చుకుంది. లైనక్స్‌లో సీరియల్ పోర్టు పేర్లలో కనిపించే 'టీటీవై' ఆ టెలిటైప్ తాలూకు పొడి అక్షరాలే. మన తెలుగు పత్రికాఫీసుల్లో రాత్రంతా వార్తలు కక్కుతూ టకటకలాడిన టెలిప్రింటర్లు ఈ కుటుంబంలోవే. 1960లో మద్రాసులో వెలసిన హిందుస్థాన్ టెలిప్రింటర్స్ వాటిని ఇక్కడే తయారుచేసింది. కన్సోల్ కేబుల్‌లో ఈ క్షణాన వెళ్ళే అక్షరం కూడా అదే నడక నడుస్తుంది: ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, ఒక స్టాప్ బిట్.

1963లో వచ్చిన టెలిటైప్ 33 నమూనా సెకనుకు పది అక్షరాలు అచ్చువేసేది. అక్షరానికి 11 బిట్లు కాబట్టి వేగం 110 బాడ్. అందులో స్టాప్ బిట్లు రెండు. ఇనుప మరలు ఒక చుట్టు తిరిగి నిలదొక్కుకోవడానికి ఆ కాస్త ఊపిరి కావాలి. నేటి చిప్‌లకు ఆ ఆయాసం లేదు, ఒక్కటి చాలు. స్టాప్ బిట్ల గడిలో 1 అని నింపేటప్పుడు ఆ మరల అలసట గురించే మనం చెబుతున్నాం. పారిటీ గడి కూడా అలాంటిదే. గరగరలాడే లైన్ల మీద అక్షరం చెడిందేమో చూసుకోవడానికి ఏడు బిట్ల అక్షరానికి కాపలాగా ఎనిమిదో బిట్ ఉండేది. మూడడుగుల కేబుల్‌కు ఆ కాపలా అక్కర్లేదు.

నడిమధ్యలో చూడటం

మరలు చేసిన పనిని ఎలక్ట్రానిక్స్‌తో చేయించినవాడు గోర్డన్ బెల్. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో ఆయన పీడీపీ-1 కంప్యూటర్‌కు టెలిటైప్ లైన్లు తగిలించాల్సి వచ్చింది. ఐటీటీ సంస్థకు తంతి సందేశాల మార్పిడి కేంద్రం కోసం ఆ పని. అంతకుముందు బిట్ల కాలాన్ని కొలిచే సర్క్యూట్లను చేత్తో తిప్పి సరిచేయాల్సి వచ్చేది. బెల్ వచ్చే సంకేతాన్ని అంకెల లెక్కతో, నిర్ణీత వ్యవధుల్లో తొంగిచూశాడు. అదే యూఏఆర్‌టీ. అప్పట్లో ఒక సర్క్యూట్ బోర్డంతా పట్టిన ఆ పనిముట్టు 1971 ప్రాంతానికి వెస్టర్న్ డిజిటల్ చేతిలో ఒక్క చిప్‌లోకి ఒదిగింది.

ఆ తొంగిచూపును ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. 9600 వేగంలో ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. యూఏఆర్‌టీ మామూలుగా దాన్ని పదహారు ముక్కలుగా లెక్కపెడుతుంది. తీగ స్తబ్దంగా ఉన్నంతసేపూ కాచుకుని ఉంటుంది. స్టార్ట్ బిట్ అంచు కనబడగానే ఎనిమిది ముక్కలు ఆగుతుంది. ఇప్పుడది ఆ బిట్‌కు నడిమధ్యలో ఉంది. అక్కణ్ణుంచి పదహారేసి ముక్కలకు ఒకసారి చూస్తూ పోతే ప్రతి బిట్‌నూ నట్టనడుమ చూసినట్టవుతుంది. రెండు గడియారాలకూ ఒక శాతం తేడా ఉన్నా, అక్షరం ముగిసేసరికి చూపు అంచు దాకా జరగదు.

మరి వేగమే వేరైతే? 1981 ఐబీఎం పీసీ సీరియల్ కార్డులో 8250 అనే యూఏఆర్‌టీ ఉండేది. దాని గడియారం సెకనుకు 18,43,200 సార్లు కొట్టుకుంటుంది. పదహారుతో భాగిస్తే 1,15,200. ఇంకో పన్నెండుతో భాగిస్తే 9600. ఆ రాత్రి మా చేతిలో జరిగింది సరిగ్గా ఈ పన్నెండు రెట్ల తేడా. స్విచ్ పన్నెండు బిట్లు పంపే వ్యవధిలో మా ల్యాప్‌టాప్ ఒక్క బిట్ లెక్కపెడుతోంది. మాకు ఇంకా ఆ సంగతి తెలియదు. 19200, 38400 వేసి చూశాం. చెత్త రూపం మారింది గానీ చెత్తే.

నోటికి నోరు, చెవికి చెవి

"కేబులే పోయిందన్నా" అన్నాడు కుర్రాడు. నేను వద్దనేలోపే చదును కేబుల్ పీకి, పక్కనున్న మామూలు ప్యాచ్ కార్డు పెట్టాడు. దాని కొసలూ ఆర్‌జె-45వే కాబట్టి చక్కగా కూర్చుంది. తెర నల్లబడింది. ఎంటర్ మీద ఎంటర్ కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

చెత్త వచ్చిందంటే తీగ బాగున్నట్టే. ఏమీ రాకపోతేనే తీగను అనుమానించాలి. ముందు సగం దారి పరీక్షిద్దామని అడాప్టర్ తొమ్మిది పిన్నుల్లో 2, 3 పిన్నులను పేపర్ క్లిప్‌తో కలిపాను. "ఇప్పుడు ఏదైనా కొట్టు" అన్నాను. కొట్టిన అక్షరమల్లా తెర మీదికి తిరిగొచ్చింది. ల్యాప్‌టాప్, అడాప్టర్, డ్రైవర్, పోర్టు నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయని దానర్థం. తప్పు ఆ క్లిప్‌కు అవతలే ఉంది.

అవతల ఉన్న చిక్కు 1960 నాటిది. ఆ ఏడాది అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం తెచ్చింది. 1969లో దాని 'సి' రూపం వచ్చి పాతుకుపోయింది. ఇందులో పాత్రలు రెండే. మనిషి కూర్చునే టెర్మినల్ ఒకటి, ఫోను లైనుకు తగిలించే మోడెం ఒకటి. తీగ మీద 3 నుంచి 15 వోల్టుల దాకా ధన విద్యుత్తు ఉంటే సున్నా, అంతే రుణ విద్యుత్తు ఉంటే ఒకటి. 'పంపు' అని పేరున్న పిన్నులో టెర్మినల్ పంపుతుంది, మోడెం అందుకుంటుంది. ఆ జంట కోసం తీగలన్నీ సూటిగా వేశారు.

కంప్యూటర్లు కంప్యూటర్లతోనే మాట్లాడాల్సి వచ్చేసరికి ఈ పెళ్ళి బెడిసింది. రెండూ టెర్మినళ్ళమే అనుకుంటాయి. సూటి తీగ వేస్తే దీని నోరు దాని నోటికి, దీని చెవి దాని చెవికి తగులుతుంది. మధ్యలో తీగలు అడ్డంగా మార్చే 'నల్ మోడెం' కేబుల్ అందుకే పుట్టింది. దీనికి తోడు 25 పిన్నుల సాకెట్‌లో పంపే పిన్ను 2, అందుకునే పిన్ను 3. 1984 ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన తొమ్మిది పిన్నుల సాకెట్‌లో అవి తారుమారు. ఏ పెట్టెకు ఏ కేబులో తెలియక ఇంజినీర్ల సంచుల్లో రకరకాల కేబుళ్ళు, మార్పిడి తలకాయలు పోగుపడ్డాయి.

1980ల్లో డేవ్ యోస్ట్ అనే ఇంజినీరు ఈ గందరగోళాన్ని ఒక సౌష్ఠవంతో తీర్చాడు. ప్రతి పరికరానికీ ఒకే తీరు ఎనిమిది తీగల సాకెట్ పెడదాం, కేబుల్ ఒక్కటే ఉంటుంది, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుందన్నది ఆయన పద్ధతి. నెట్‌వర్క్ పరికరాల కన్సోల్ పోర్టుల్లో మనం చూసే అమరికలోనూ ఆ సూత్రమే ఉంది. మూడో పిన్ను పంపుతుంది, ఆరోది అందుకుంటుంది. నడుమనున్న నాలుగు, ఐదు రెండూ నేల, అంటే గ్రౌండ్. ఒకటి, ఎనిమిది ఒక జత, రెండు, ఏడు ఇంకో జత. ఇప్పుడు కేబుల్‌ను ఒక చివర పూర్తిగా తిరగేయండి. ఒకటి ఎనిమిదికి, మూడు ఆరుకు, నాలుగు ఐదుకు పోతాయి. నోరు చెవికి తగిలింది, నేల నేలకు తగిలింది. ఒక్క తిరగేతతో అన్ని జతలూ కుదిరాయి. అందుకే దాని పేరు రోల్‌ఓవర్.

కుర్రాడి చేతికి చదును కేబుల్ రెండు కొసలూ ఇచ్చి, ఒకే ముఖం పైకి ఉండేలా పక్కపక్కన పట్టుకోమన్నాను. పారదర్శకమైన ప్లగ్గుల్లోంచి తీగల రంగులు కనబడుతున్నాయి. ఒకదాంట్లో ఎడమ నుంచి కుడికి ఏ వరసో, రెండోదాంట్లో కుడి నుంచి ఎడమకు అదే వరస. ప్యాచ్ కార్డు కొసలు పట్టుకుంటే రెండూ ఒకే వరస.

"అద్దంలో చూసినట్టుందన్నా" అన్నాడు. ఇక ఆ కేబుల్‌ను ఎప్పటికీ మరిచిపోడు.

స్విచ్‌కు ఈ పాత గుమ్మం ఎందుకు?

ఈథర్‌నెట్ స్విచ్ పుట్టింది 1990లో. భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ కలిసి సిలికాన్ వ్యాలీలో పెట్టిన 'కల్పన' సంస్థ ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌ను తెచ్చింది. భరద్వాజ్ భార్య పేరే సంస్థకు పెట్టారు. మనం తెలుగులో రోజూ వాడే మాటే అది. 1994లో ఆ సంస్థను సిస్కో కొనుక్కుంది. నెట్‌వర్క్ వేగాలు అప్పటినుంచి వేల రెట్లు పెరిగాయి. కన్సోల్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

కొత్త స్విచ్‌కు ఇంకా ఐపీ చిరునామా ఉండదు. చెడిన స్విచ్‌కు ఆపరేటింగ్ సిస్టమే లేచి ఉండకపోవచ్చు. నెట్‌వర్క్‌లోంచి పలకరించాలంటే లోపల ఎన్నో పొరలు బతికుండాలి. సీరియల్ తీగకు అవేమీ అక్కర్లేదు. కరెంటు వచ్చి, బూట్ ప్రోగ్రాం ఒక్క అక్షరం యూఏఆర్‌టీలో వేయగలిగితే చాలు, మనకు కనబడుతుంది. 9600లో సెకనుకు 960 అక్షరాలే. ప్రాణమున్నదో లేదో నాడి చూసి చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ముందు నువ్వా, నేనా?

చదును కేబుల్ మళ్ళీ పెట్టి, వేగం 1,15,200కు మార్చాం. తెర ఒక్కసారిగా తేటపడింది. ఏ పోర్టు లేచింది, ఏది పడింది అంటూ లాగ్ వరసలు దిగుతున్నాయి. పాత నిర్వాహకులెవరో ఆ స్విచ్ వేగం పెంచి ఎక్కడా రాసిపెట్టలేదు.

కుర్రాడు ఆనందంగా ఎంటర్ కొట్టాడు. ఏమీ కదల్లేదు. స్విచ్ చెప్పేది వినబడుతోంది, మనం చెప్పేది దానికి చేరడం లేదు. మూడో మొండితనం ఇది.

ఇది ఐదో గడి కథ. టెలిటైప్‌లకు కాగితపు టేపు చదివే పరికరం ఉండేది. దూరాన్నుంచే ఆ టేపును నడిపించడానికి ఎక్స్-ఆన్, ఆపడానికి ఎక్స్-ఆఫ్ అనే సంకేతాలు పెట్టారు. అవే నేటి కంట్రోల్-క్యూ, కంట్రోల్-ఎస్. ఫైలు సేవ్ చేసే అలవాటుతో ఎవరైనా కన్సోల్‌లో కంట్రోల్-ఎస్ కొడితే తెర రాయిలా బిగుసుకుపోతుంది. ఎక్కడా లేని కాగితపు టేపును ఆపినట్టు. కంట్రోల్-క్యూ కొడితే మళ్ళీ కదులుతుంది.

మోడెంలకు ఇంకో మర్యాద ఉండేది. టెర్మినల్ ఒక తీగ మీద 'పంపనా?' అని అడుగుతుంది. మోడెం ఇంకో తీగ మీద 'పంపు' అంటుంది. ఆర్‌టీఎస్, సీటీఎస్ అనేవి ఆ ప్రశ్న, ఆ జవాబు. మా ఐదో గడిలో అదే ఎంచి ఉంది. మా అడాప్టర్ తలకాయ చవకది, అందులో పంపే తీగ, అందుకునే తీగ, నేల తీగ మాత్రమే వేశారు. 'పంపు' అనే జవాబు వచ్చే దారే లేదు. ల్యాప్‌టాప్ మర్యాదగా అడిగి, జవాబు కోసం తెల్లవార్లూ కూర్చునేలా ఉంది. గడిలో 'నన్' పెట్టాను. కుర్రాడు ఎంటర్ కొట్టాడు.

యూజర్‌నేమ్ అడుగుతూ కర్సర్ మినుకుమంది.

లోపలికెళ్ళాక పని పది నిమిషాలు. ఆ అంతస్తును మిగతా నెట్‌వర్క్‌కు కలిపే ట్రంక్ పోర్టులో అనుమతించిన వీల్యాన్‌లనే విడివిడి నెట్‌వర్క్‌ల జాబితాకు కొత్తది చేర్చబోయి, సాయంత్రం ఎవరో జాబితా మొత్తాన్నీ ఆ ఒక్కదానితో తుడిచేశారు. పాతవి తిరిగి చేర్చాం. నాలుగో అంతస్తు మళ్ళీ మాట్లాడింది.

బయల్దేరబోతుంటే కుర్రాడు ఆగాడు. "అన్నా, వేగం మళ్ళీ 9600 పెట్టేద్దామా?"

"పెట్టు. పెట్టినట్టు రాయి కూడా."

సంచిలోంచి ఓ లేబుల్ తీసి, పెన్నుతో గుండ్రంగా రాశాడు: కన్సోల్, 9600, 8, నన్, 1, ఫ్లో కంట్రోల్ లేదు. కింద తేదీ వేశాడు. స్విచ్ నుదుటి మీద, కన్సోల్ పోర్టు పక్కనే అంటించి, అంచులు వేలితో రుద్దాడు. రెండు ఊళ్ళ ఆపరేటర్లు బోడో చక్రాల వేగం ముందే అనుకున్నట్టు, రేపు ఏ అర్ధరాత్రో ఆ ర్యాక్ ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయే మనిషితో అతను ముందే మాట్లాడి పెట్టాడు.